ఏనుగుపాదం దుంప: గింజ నుంచి పెంకు పగిలే దాకా

ఉద్దేశం

ఇళ్లలో పెంచే కాడెక్స్ మొక్కల్లో, అంటే కాండం మొదలో వేరో ఉబ్బి నీటినీ పిండిపదార్థాన్నీ దాచుకునే మొక్కల్లో, ఎక్కువ మందికి తెలిసినది అడీనియం. ఈ డైరీలో ఉన్నది డయోస్కోరియా ఎలిఫాంటిపెస్ అనే దక్షిణాఫ్రికా దుంప తీగ. ఏనుగుపాదం అని పేరుపడిన ఈ మొక్కను గింజ నుంచి పెంచుతూ, దుంప మీది బెరడు పలకలుగా చీలడం మొదలయ్యే వరకు ఏ దశలో ఏం జరిగిందో, అందుకు ఏమేం చేయవలసి వచ్చిందో రాసి పెట్టుకోవడం దీని ఉద్దేశం. దానితో పాటు ఒక ప్రశ్నకు జవాబు వెతకాలని కూడా అనుకున్నాను. లేత దుంపను మట్టిలో పూడ్చి ఉంచితే త్వరగా లావెక్కుతుందా, లేక మొదటి నుంచీ పైకి తేల్చి ఉంచితేనా? ఈ విషయంలో పెంపకందారులు రెండు రకాలుగానూ చెబుతారు. ఒకే విడత గింజల నుంచి వచ్చిన మొలకలను రెండు వాటాలు చేసి పక్కపక్కనే పెంచి చూస్తే తప్ప తేలదని అనిపించింది.

మొక్క పుట్టుక, అలవాట్లు

ఇది మన పెండలం దుంపకు దగ్గరి చుట్టం. రెండూ డయోస్కోరియా ప్రజాతికి చెందినవే. పెండలం దుంప మట్టి లోపల పెరిగితే, దీని దుంప చాలావరకు నేల పైన కనబడుతుంది. ఏటా దుంప నడినెత్తి నుంచి సన్నని తీగ లేచి, పక్కనున్న పొదల మీదుగా పాకి, గుండె ఆకారపు ఆకులు వేసి, ఋతువు ముగిశాక మొదలు దాకా ఎండిపోతుంది. అప్పుడు మిగిలేది దుంప ఒక్కటే. దాని మీది దళసరి బెరడు తాబేటి చిప్పను తలపించే బహుభుజాకారపు పలకలుగా చీలి ఉంటుంది. పాత పుస్తకాల్లో టెస్టుడినేరియా ఎలిఫాంటిపెస్ అనే పేరు కనబడితే అది కూడా ఈ మొక్కేనని గుర్తుంచుకోవాలి.

దీని సొంత నేల దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతం. నమాక్వాలాండ్, క్లాన్‌విలియం వైపు నుంచి తూర్పు కేప్ వరకు రాతి వాలుల మీద, పొదల నీడలో పెరుగుతుంది. పెంపకందారుడికి అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం ఇదే, ఎందుకంటే ఆ ప్రాంతపు పడమటి భాగంలో వానలు చలికాలంలో కురుస్తాయి, వేసవి పొడిగా గడుస్తుంది. తూర్పుకు పోయేకొద్దీ వాన ఏడాది పొడవునా అప్పుడప్పుడూ పడుతుంది. అందువల్ల ఈ మొక్క చల్లని కాలంలో పెరిగి, ఎండలు ముదిరే కాలంలో నిద్రపోతుంది కానీ, ఆ అలవాటు రాతి మీద చెక్కిన గీత కాదు. నీరు, చలువ ఎప్పుడు దొరికితే అప్పుడు లేవడానికి కొంత సిద్ధంగానే ఉంటుంది. దక్షిణార్ధగోళం నుంచి ఉత్తరార్ధగోళానికి తెచ్చిన మొక్కలు ఒకటి రెండేళ్లలో కొత్త ఋతువులకు సర్దుకోవడం కూడా ఇందువల్లే సాధ్యమవుతుంది.

కొనేటప్పుడు ఒక గందరగోళం ఎదురవుతుంది. మెక్సికోలో పుట్టిన డయోస్కోరియా మెక్సికానా అనే మరో దుంప తీగ చూడడానికి దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. దాని పలకలు మరీ ఎత్తుగా పొడుచుకు రావు, కాస్త చదునుగా ఉంటాయి; లేత మొక్కల్లో మాత్రం ఆ తేడా ఏమీ తెలియదు. చిక్కు ఎక్కడంటే, అది వేసవిలో పెరిగి చలికాలంలో నిద్రపోతుంది. అంటే ఒకదానికి నీరు ఆపవలసిన నెలల్లో రెండోదానికి నీరు పోయాలి. రసెల్ మార్కర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త 1940లలో ప్రొజెస్టిరోన్ అనే హార్మోన్ తయారీకి ముడిపదార్థం వెతుక్కుంటూ మెక్సికో వెళ్లి తవ్వించిన దుంపల్లో ఈ మెక్సికానా జాతి ఉంది. ఈ ప్రజాతిలోని పలు జాతుల్లో ఉండే డయోస్జెనిన్ అనే పదార్థం నుంచి స్టెరాయిడ్ హార్మోన్లు తయారు చేయవచ్చని ఆయన పని వల్లే రుజువైంది. మందుల చరిత్రలో అంత చోటు సంపాదించిన కుటుంబం ఇప్పుడు కిటికీ గట్టు మీద అలంకారంగా కూర్చుందంటే నాకు కొంచెం నవ్వు వస్తుంది.

పెద్ద దుంప కొనే వీలున్నా గింజ దారి పట్టడానికి కారణం ఒకటే. అరచేతిని మించిన దుంపల్లో అడవి నుంచి తవ్వి తెచ్చినవి కలిసిపోతుంటాయి. దక్షిణాఫ్రికాలో అనుమతి లేకుండా అలా తవ్వడం నేరం కూడా. ఎన్నో దశాబ్దాలు నేల మీద కూర్చున్న దుంప వేళ్లు తెగాక కుండీలో కుదురుకుంటుందన్న భరోసా ఉండదు. అయితే పెద్ద మొక్క అలవాట్లు చూడడం కోసం, నర్సరీలో గింజ నుంచి పెంచిందని తెలిసిన ఒక మధ్యరకం మొక్కను పక్కన పెట్టుకున్నాను. కింద ‘పెద్ద మొక్క’ అన్నప్పుడల్లా దానినే ఉద్దేశించాను.

మొదటి చల్లకాలం: గింజలు

గింజ చదునుగా, గోధుమరంగులో, పల్చని కాగితపు పొరలాంటి రెక్కతో ఉంటుంది. రెక్క తీసేయనక్కర లేదు. ఒక రోజు మామూలు నీటిలో నానబెట్టి, రాత్రి ఉష్ణోగ్రతలు 20 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగడం మొదలయ్యాక నాటాను. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు నాటితే ఈ గింజలు మొలవకుండా ఊరికే కుళ్లిపోతాయి. కాబట్టి అడుగున వేడి పలకలు పెట్టి మొలిపించే అలవాటున్నవారు ఈ మొక్క విషయంలో దానిని పక్కన పెట్టడం మంచిది.

మట్టి మిశ్రమంలో సగానికి పైగా ప్యూమిస్, పర్లైట్ అనే తేలికైన గుల్ల రాతిముక్కలు, ముతక ఇసుక ఉన్నాయి. మిగిలినది జల్లించిన తోటమట్టి, కాస్త కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి. గింజల మీద అర సెంటీమీటరుకు మించకుండా అదే మిశ్రమం కప్పి, ట్రే అడుగు నుంచి నీరు పీల్చుకోనిచ్చి, పైన పారదర్శకమైన మూత పెట్టాను. మూతను రోజూ కాసేపు తీసి గాలి తగలనివ్వడం తప్పనిసరి. లేకపోతే బూజు మొదట ఖాళీ గింజల మీద పుట్టి, పక్కనున్న మంచి గింజలకు పాకుతుంది.

మొలకలు ఒకేసారి రాలేదు. మొదటివి మూడు నాలుగు వారాల్లో కనబడ్డాయి. ఇక రావనుకున్న గింజలు చాలా ఆలస్యంగా, చలి తగ్గుముఖం పట్టే సమయానికి లేచాయి. ఈ జాతిలో ఇది మామూలే కనుక, ఒక విడత మొలకలు రాగానే ట్రేను ఖాళీ చేయకూడదు.

మొదటి ఆకు

ఈ మొక్క మొలకెత్తే తీరు దగ్గరగా చూడదగినది. ఇది ఏకదళబీజ మొక్క కాబట్టి బీజదళం ఒక్కటే ఉంటుంది, అది కూడా బయటికి రాకుండా గింజ తొడుగు లోపలే ఉండిపోయి, నిల్వ ఆహారాన్ని పీల్చి మొలకకు అందిస్తుంది. మట్టిని చీల్చుకుని పైకి వచ్చేది నేరుగా మొదటి ఆకు. దాని కాడ వంగి కొక్కెంలా ముందు కనబడుతుంది. తరువాత కాడ నిటారుగా సాగి, మడిచి ఉన్న ఆకు రెండు చెక్కలూ మెల్లగా విచ్చుకుంటాయి. ఆకు గుండె ఆకారంలో, నునుపుగా, కాడ చేరే చోటు నుంచే విడిపోయి కొసవైపు వంగి సాగే ఈనెలతో ఉంటుంది. ఆ ఈనెల మధ్య సన్నని వలలాంటి అల్లిక కూడా ఉంది. గడ్డి, అరటి వంటి ఏకదళబీజాల్లో సమాంతరంగా సాగే ఈనెలు చూసిన కళ్లకు ఇది వింతగానే కనబడుతుంది.

ఆ ఒక్క ఆకుతోనే మొక్క చాలాకాలం ఉండిపోతుంది. పైన ఏ పెరుగుదలా కనబడని ఆ కాలంలో పని అంతా కింద జరుగుతోంది. ఆకు విచ్చుకున్న కొద్ది వారాలకు ఒక మొలక పక్కనున్న మట్టిని బ్రష్‌తో తొలగించి చూస్తే, కాడ మొదట్లో 3 మిల్లీమీటర్ల అడ్డకొలత గల నున్నని, లేత రంగు గుండ్రని ఉబ్బు కనబడింది. వేర్లు దాని కింది నుంచీ పక్కల నుంచీ పుడుతున్నాయి. తరువాత పాదమయ్యేది ఆ ఉబ్బే.

ఈ దశలో ఆకును కాపాడడమే పెంపకం. ఆకు విరిగినా, నత్త కొరికినా మొలక ఆ ఋతువుకు అక్కడే ఆగిపోతుంది. ఆ ఉబ్బులో ఉన్న కొద్దిపాటి నిల్వతో మళ్లీ లేచే శక్తి అన్నిటికీ ఉండదు. అందువల్ల మొలకలకు తీవ్రమైన ఎండ తగలకుండా, అయితే వెలుతురు నిండుగా ఉండేలా, మట్టి పూర్తిగా ఎండకుండా చూశాను. పెద్ద కాడెక్స్ మొక్కలకు చెప్పే ‘బాగా ఎండాకే నీరు’ అన్న సూత్రం మొదటి ఏడాది మొలకలకు వర్తించదు.

రెండు వాటాలు

ఆకులు గట్టిపడ్డాక మొలకలను రెండు సమాన వాటాలుగా విడదీశాను. మొదటి వాటాలో ఉబ్బు మట్టి కింద సెంటీమీటరు లోతున ఉంది. రెండో వాటాలో ఉబ్బు పై సగం బయటికి కనబడేలా మట్టి తగ్గించి, చుట్టూ సన్నని రాళ్లు పేర్చాను. కుండీల పరిమాణం, మట్టి మిశ్రమం, వెలుతురు రెండింటికీ ఒకటే. కొలత వెర్నియర్ కాలిపర్‌తో, ప్రతి ఋతువు చివర ఆకు ఎండాక మాత్రమే తీసుకోవాలని నియమం పెట్టుకున్నాను. పెరిగే కాలంలో దుంప నీరు తాగి ఉబ్బుతుంది, పొడి కాలంలో కొంత తగ్గుతుంది. వేర్వేరు సమయాల్లో తీసిన కొలతలను పోల్చితే అర్థం ఉండదు.

మొదటి వేసవి

మొలకలు వేసవి రాగానే నిద్రపోతాయని, అప్పుడు నీరు ఆపేయాలని చాలామంది సలహా. అది పెద్ద మొక్కకు సరిపోయే సలహా. లేత మొలక ఆకు పచ్చగా నిలిచినంత కాలం దానిని బలవంతాన నిద్రపుచ్చడం వల్ల లాభం లేదు. ఆకు పనిచేసే ప్రతి వారం దుంపలో చేరే పిండిపదార్థమే. కాబట్టి కుండీలను ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే కిటికీ దగ్గరికి మార్చి, సాయంత్రం పూట మాత్రమే కొద్దికొద్దిగా నీరు పోస్తూ ఆకు తనంతట తాను పసుపురంగుకు తిరిగే వరకు ఆగాను. కొన్ని ఎండలు ముదరగానే ఆకు వదిలేశాయి, కొన్ని వేసవి సగం గడిచే వరకు నిలిచాయి. అన్నీ ఒకే కుటుంబపు గింజలైనా ఈ తేడా ఉంది.

ఆకు ఎండాక కూడా లేత దుంపలకు నీరు పూర్తిగా ఆపలేదు. బొటనవేలి గోరంత దుంపలో ఎక్కువ నీరు ఉండదు; నెలల తరబడి ఎముకలా ఎండిన మట్టిలో అది ముడుచుకుపోతుంది. రెండు వారాలకోసారి కుండీ అంచు వెంబడి మట్టి కాస్త తడిసేంత నీరు సరిపోయింది. పైకి తేల్చిన వాటాలో రెండు దుంపలు ఈ వేసవిలో ముడుచుకుపోయి మళ్లీ లేవలేదు, పూడ్చిన వాటాలో ఏదీ పోలేదు. ఇంత చిన్న లెక్క మీద తీర్పు చెప్పలేం కానీ, ఎందుకు అలా జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. లేత దుంప మీద ఇంకా దళసరి బెరడు లేదు కనుక, పొడిగాలి నేరుగా తగిలితే తేమ త్వరగా పోతుంది.

రెండో చల్లకాలం: తీగ

ఈసారి దుంప నుంచి వచ్చింది ఆకు కాదు, తీగ. లేత చిగురు సన్నగా, నిటారుగా, ఆకులు దాదాపు లేకుండా లేచి, పట్టు దొరికే వరకు గాలిలో గుండ్రంగా తిరుగుతూ సాగింది. దీనికి నులితీగలు ఉండవు. కాండమే పట్టును చుట్టుకుంటుంది. అందువల్ల చిగురు నాలుగు అంగుళాలు దాటకముందే సన్నని ఊతం పక్కన ఉండాలి. చిగురు తనంతట తాను ఏ వైపు తిరుగుతుందో చూసి, ఆ వైపే ఊతానికి చుట్టాలి. వ్యతిరేక దిశలో చుడితే మర్నాటికి విడిపించుకుని వేలాడుతుంది. చిగురు కొన చాలా పెళుసు. విరిగితే దుంప తిరిగి కొత్త చిగురు వేయవచ్చు, కాండం మొదట్లోని కణుపు నుంచి పక్క కొమ్మ రావచ్చు, లేదా ఆ ఋతువంతా ఊరుకుండిపోవచ్చు.

వెలుతురు విషయంలో ఈ మొక్కకు రెండు అవసరాలున్నాయి, అవి ఒకదానికొకటి ఎదురు. తీగకూ ఆకులకూ మంచి ఎండ కావాలి. దుంపకు నీడ కావాలి. సొంత నేలలో పొద మొదట్లో దుంప ఉండి, తీగ పొద నెత్తి మీదికి పాకి ఎండ తీసుకుంటుంది. ఇంట్లో అదే ఏర్పాటు కోసం తీగను ఇత్తడి తీగతో చేసిన చిన్న వలయం మీదికి పాకించి, వలయాన్ని కిటికీ వైపు, దుంపను ఇంకో కుండీ నీడలో పెట్టాను. చలికాలపు పగలు పొట్టిగా ఉన్న నెలల్లో గ్రో లైట్, అంటే మొక్కల పెంపకానికి వాడే దీపం, తోడు చేశాను. వెలుతురు చాలనప్పుడు ఆకుల మధ్య కణుపు దూరం పెరిగి, ఆకులు చిన్నవై, తీగ మాత్రం మీటర్ల కొద్దీ సాగుతుంది. పొడవు చూసి మొక్క బాగుందని మురిసిపోకూడదు. దుంపను లావు చేసేది ఆకు, తీగ పొడవు కాదు.

నీరు ఎప్పుడు, ఎంత

ఈ ప్రాజెక్టులో ఎక్కువ కాలం తీసుకున్న విషయం ఇదే. పుస్తకాల్లో ‘శరదృతువులో మొదలుపెట్టి వసంతం చివర ఆపండి’ అని రాసి ఉంటుంది. పెద్ద మొక్క మొదటి ఏడాదే ఆ క్యాలెండర్‌ను పట్టించుకోలేదు. ఎండలు ఇంకా తగ్గకముందే, మట్టి నెలల తరబడి పొడిగా ఉండగానే, నడినెత్తిన ఊదారంగు కలిసిన మొన కనబడింది. దానికి కావలసిన నీరు దుంపలోంచే వచ్చింది. తరువాతి ఏడాది అందుకు పూర్తిగా విరుద్ధంగా, చల్లకాలం మొదలై సగం గడిచినా కదలిక లేదు.

కాబట్టి నెలల పేర్లు వదిలేసి, మొక్క చూపే సూచనల ప్రకారం నీరు పోసే పద్ధతికి వచ్చాను. మొన కనబడిన మొదటి రోజుల్లో నీరు అసలు ఇవ్వను. నిద్రకాలంలో సన్నని వేర్లు చాలావరకు ఎండిపోయి ఉంటాయి. పీల్చుకునే వేరు లేని మట్టిలో నిలిచిన తడి కుళ్లుకు దారి తీస్తుంది. చిగురు వేలెడంత అయ్యాక కుండీ అంచు వెంబడి కొద్దిగా మొదలుపెడతాను. మొదటి ఆకులు విచ్చుకుని ముదురు ఆకుపచ్చకు తిరిగాక పూర్తి నీరు, అంటే అడుగు రంధ్రాల నుంచి బయటికి వచ్చే వరకు పోసి, మళ్లీ మట్టి లోపల దాకా ఎండే వరకు ఆగడం. ఎండిందా లేదా తెలుసుకోవడానికి కుండీని చేత్తో ఎత్తి చూడడమే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. రెండు మూడు వారాల్లో ఆ బరువు చేతికి అలవాటవుతుంది. పైన దుంప మీద మాత్రం నీరు పడనివ్వను, ముఖ్యంగా చిగురు పుట్టే గుంటలో నీరు నిలవకూడదు.

ఋతువు చివర ఆకులు పసుపుపచ్చగా మారడం కింది నుంచి మొదలవుతుంది. ఒకటి రెండు ఆకులు మారగానే కంగారుపడి నీరు ఆపకూడదు. ముదురు ఆకులు రాలడం పెరిగే కాలంలో కూడా ఉంటుంది. తీగ సగానికి పైగా రంగు మారినప్పుడు నీరు తగ్గించి, కాండం మొదలు గడ్డిలా ఎండినప్పుడు పూర్తిగా ఆపుతాను. ఎండిన తీగను లాగకూడదు. అది తనంతట తాను విడిపోయే వరకు ఆగడం లేదా రెండు అంగుళాలు వదిలి కత్తిరించడం మంచిది. బలవంతంగా లాగితే మొదట్లో పడే గాయం వచ్చే ఏడాది చిగురు పుట్టే చోటే.

లేవని దుంప బతికే ఉందా లేదా అన్న ప్రశ్నకు కూడా చేతులే జవాబు చెబుతాయి. బొటనవేలితో పక్కల నొక్కినప్పుడు గట్టిగా ఉండి, ఎత్తితే బరువుగా అనిపిస్తే అది బతికే ఉంది, ఒక ఋతువు దాటవేసిందంతే. పెద్ద దుంపలు ఇలా ఒక ఏడాది పడుకోవడం అరుదు కాదు. ఎక్కడైనా మెత్తగా నొక్కుకుంటూ, పుల్లని వాసన వస్తే అది కుళ్లు. పెద్ద మొక్క మొదటి కోవలోనే ఉంది కనుక, నీరు పోసి లేపే ప్రయత్నం చేయకుండా వదిలేశాను. అది చల్లకాలం చివర్లో లేచి, ఇతరులు నిద్రకు సిద్ధమవుతుంటే పచ్చగా కళకళలాడుతూ వేసవి మొదటి వారాల వరకు సాగింది.

ఎరువు గురించి చెప్పుకోవలసింది తక్కువ. ఆకులు పూర్తిగా విచ్చుకున్నాక, నత్రజని తక్కువగా ఉన్న ద్రవ ఎరువును పొట్లం మీద రాసిన మోతాదులో నాలుగో వంతుకు పలచన చేసి నెలకోసారి ఇచ్చాను.

కుండీ మార్చడం

మూడో ఏడాది నిద్రకాలం చివర, మొనలు రాకముందు కుండీలు మార్చాను. మట్టి కుండీలనే తీసుకున్నాను, లోతు కన్నా వెడల్పు ఎక్కువ ఉన్నవి, ఎందుకంటే ఈ దుంప వేర్లు నేరుగా కిందికి దిగవు, పక్కలకు పరుచుకుంటాయి. పాత మట్టి దులిపి చూస్తే దారాల్లాంటి వేర్లు పట్టుకోగానే పొడిగా విరిగాయి. వాటి మధ్య పురికొస మందంలో ఉన్న వేర్లు మాత్రం వంచినా విరగలేదు, గోటితో గీరితే లోపల తెల్లగా ఉన్నాయి. ఎండినవి తీసేసి, బతికినవి అలాగే ఉంచి, కొత్త మిశ్రమంలో కూర్చోబెట్టాను. మార్చిన రెండు వారాల వరకు నీరు లేదు.

చీడల విషయంలో పెద్దగా కష్టపడలేదు. వెచ్చని పొడిగాలిలో ఆకుల కింద ఎర్రనల్లి కనబడింది. ఆకులను రెండు వైపులా నీటితో కడగడం, తేమ కొంచెం పెంచడంతో తగ్గింది. పిండినల్లి పలకల సందుల్లో దాగుతుంది కనుక పెద్ద మొక్కను నెలకోసారి భూతద్దంతో చూస్తాను. పచ్చి దుంపలో సాపోనిన్లు అనే, తింటే హాని చేయగల పదార్థాలు ఉంటాయి కాబట్టి కొరికే అలవాటున్న పెంపుడు జంతువులకు అందకుండా పెట్టడం అవసరం. కేప్ ప్రాంతపు ఖోయిఖోయి ప్రజలు ఒకప్పుడు ఈ దుంప గుజ్జును తిన్నారు కానీ, అది కాల్చి వండుకున్నాకే.

మూడో చల్లకాలం చివర: కొలతలు

మూడు ఋతువుల తరువాత తేడా స్పష్టమైంది. పూడ్చిన వాటాలోని దుంపలు సగటున 28 మిల్లీమీటర్ల అడ్డకొలతకు చేరాయి, పైకి తేల్చినవి 21 దగ్గర ఉన్నాయి. పూడ్చిన మొక్కల తీగలు ముందే లేచి, ఆలస్యంగా నిద్రపోయాయి. చుట్టూ మట్టి తేమ, సమశీతోష్ణం ఉండడం వల్ల ఆకు పనిచేసే కాలం కొన్ని వారాలు పెరిగిందని నా అభిప్రాయం. లావు ఒక్కటే లక్ష్యమైతే మొదటి ఏళ్లలో పూడ్చి ఉంచడమే మేలు.

అయితే బెరడు కథ వేరుగా ఉంది. పూడ్చిన దుంపలను మొదటిసారి పైకి తీసినప్పుడు అవి బంగాళాదుంప రంగులో నున్నగా ఉన్నాయి. తేల్చిన దుంపలు చిన్నవైనా అప్పటికే బూడిదరంగుకు తిరిగి, తాకితే గరుకుగా ఉన్నాయి.

నాలుగో చల్లకాలం: పగుళ్లు

మొదటి పగులు తేల్చిన వాటాలోని మొక్కలోనే కనబడింది. చిగురు పుట్టే చోటుకు అర సెంటీమీటరు దూరంలో, కంటికి దొరకీ దొరకని గీత. రెండు వారాల తరువాత దానికి అడ్డంగా ఇంకో రెండు గీతలు కలిశాయి. భూతద్దం కింద చూస్తే గీత అడుగున లేత పసుపు రంగు కొత్త బెరడు, అంచుల మీద పాత బూడిదరంగు పొర కనబడుతున్నాయి. లోపల దుంప లావెక్కుతుంటే, సాగలేని పై పొర చీలక తప్పదు. చీలిన ముక్కల కింద ఏటా కొత్త బెండు పొర ఒకటి చేరుతుంది. చుట్టూ పగులు వెడల్పవుతుంది, మధ్య ముక్క ఎత్తు పెరుగుతుంది. పెద్ద మొక్క పలకను పక్క నుంచి చూస్తే ఆ పొరలు మెట్లు మెట్లుగా, పైకి పోయేకొద్దీ చిన్నవవుతూ కనబడతాయి. నెత్తి మీద ఉన్నది అన్నిటికన్నా పాత పొర, అంటే మొక్క పసితనపు చర్మం.

పలకలు త్వరగా రావాలని దుంపను ఎండలో పెట్టే వారున్నారు. దానివల్ల బెరడు మాడి రంగు మారుతుంది తప్ప, పలక ఎత్తు రాదు. పలకకు కావలసినది లోపలి పెరుగుదల. అది ఆకుల నుంచి వస్తుంది. తేల్చిన దుంపలో పగులు ముందు రావడానికి కారణం పై పొర గాలికి ముందుగా ఎండి బిరుసెక్కడమేనని అనుకుంటున్నాను. ఇది ఎంతవరకు నిజమో పూడ్చిన వాటాను పైకి తేల్చిన తరువాత చూడాలి.

ప్రస్తుత స్థితి, ముందున్న పనులు

ఈ నిద్రకాలంలో పూడ్చిన వాటాలోని దుంపలన్నిటినీ ఒకేసారి పైకి తేల్చలేదు. ప్రతి దుంప చుట్టూ మట్టిని సెంటీమీటరు మాత్రమే తగ్గించాను. మిగిలినది వచ్చే రెండు ఋతువుల్లో తగ్గిస్తాను. నున్నని లేత బెరడు ఒక్కసారిగా పొడిగాలికి దొరకకూడదన్నది ఇందులో ఆలోచన. తేల్చిన వాటాను అలాగే ఉంచి, రెండింటిలో పగుళ్ల వెడల్పును ప్రతి ఋతువు చివర ఒకే కోణంలో తీసిన ఫోటోలతో పోల్చుతాను.

పెద్ద మొక్క ఈ ఏడాది మొదటిసారి పూలు పూసింది. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, చిన్నవిగా, సన్నని కంకుల మీద వచ్చాయి. దగ్గరికి వెళితే తేలికపాటి సువాసన ఉంది. ఈ జాతిలో మగ మొక్క, ఆడ మొక్క వేరువేరుగా ఉంటాయి. కంకులు నిటారుగా ఉండి, పూవు కింద మూడు పలకల అండాశయం ఏదీ లేదు కాబట్టి ఇది మగది. గింజలు కావాలంటే ఒక ఆడ మొక్క కూడా అదే సమయంలో పూయాలి. చిన్న మొక్కలు పూసే వయసుకు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది, వాటిలో ఏది ఏదో అంతవరకు తెలియదు. కాబట్టి వచ్చే చల్లకాలంలో చేయవలసిన మొదటి పని, ప్రతి కుండీకీ శాశ్వతంగా నిలిచే అల్యూమినియం చీటీ కట్టి, మొలిచిన ఋతువు, వాటా, మొదటి పగులు కనబడిన కాలం దాని మీద చెక్కడం. ప్లాస్టిక్ చీటీల మీది సిరా ఇప్పటికే సగం చెరిగిపోయింది.